సెన్యూర్ అంటే పెద్దాయనే

కరోనా కట్టడి ఎత్తేసిన ఏడాది నన్ను కువైట్‌లోని ఫింటాస్‌లో ఒక ఫ్రెంచి కుటుంబానికి వంటమనిషిగా పంపారు. పంపింది నా కఫీల్, అంటే నా వీసా ఎవరి పేరున ఉందో ఆ కువైటీ యజమాని. వాళ్ళున్న ఫ్లాటు ఆయనదే. కొన్నాళ్ళకు వాళ్ళు నా వీసా తమ పేరుకు మార్చుకుంటామన్నారు. దానికి కఫీల్ రిలీజ్ ఇవ్వాలి. ఆయనింట్లో వంటకు వేరే మనిషి కుదిరింది కాబట్టి, రిలీజ్ ఇవ్వకపోతే నేను రాయచోటికి తిరిగి రావాల్సిందే.

ఫ్రెంచి సారును ‘మొస్యూ’ అనాలట. నాకు నోరు తిరగక ‘మసూరి’ అనేదాన్ని. పక్క ఫ్లాటులో పనిచేసే జగిత్యాల లక్ష్మి, “ఏందక్కా, సారును బియ్యం బస్తా జేసినవ్!” అని పడీపడీ నవ్వింది. “నీ నోరు తిరుగుతాదేమో అను మే, చూస్తాం,” అన్నాను. దానికీ తిరగలేదు.

బడిలో చరిత్ర పాఠాలు చెప్పే మా ఫ్రెంచి మేడం, ఆ సారు భార్య, ఆ మాట విడమర్చింది. వెనకటికి వాళ్ళ దేశంలో ఊరికి దొరను ‘సెన్యూర్’ అనేవారట. రైతు ఆయన మరలోనే పిండి పట్టించాలి, ఆయన పొయ్యిలోనే రొట్టె కాల్చుకోవాలి, అందులో ఆయనకు వంతివ్వాలి. తీర్పు చెప్పేదీ ఆయనే. ఆయన భూమికి కట్టుబడిపోయిన మనుషులైతే ఆయన సెలవు లేనిదే ఊరు దాటకూడదు. ఆ మాటే అరిగి మొస్యూ అయింది. ఇప్పుడు కూరగాయలమ్మేవాణ్నీ అలాగే పిలుస్తారు. పుట్టుకలో దాని అర్థం మాత్రం వయసులో పెద్దవాడనేనట. యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని నేను. మాటకూ పుట్టిల్లుంటుందని అప్పుడే తెలిసింది.

ఆ శుక్రవారం రిలీజ్ అడగడానికి కఫీల్ దగ్గరికి పోయాను. ఆయన ముఖం ముడుచుకుని, నా ఇంటి తిండి చేదైందా అని అడిగాడు. మర్యాదగా ‘పెద్దాయనా’ అందామనుకుని, నాకొచ్చిన అరబ్బీలో ‘షాయిబ్’ అన్నాను. ఆ మాటకు అక్కడ ముసలోడని అర్థం. దివానియాలో, అంటే మగవాళ్ళు కూడే సావిట్లో, కూర్చున్న వాళ్ళంతా టీ గ్లాసులు కింద పెట్టి నా వైపు తిరిగారు. నేను తడబడుతూ, మా కడప పక్క ఊరంతా ఎవరి మాట వింటే ఆయన్ను అట్లా పిలుస్తామని చెప్పుకున్నాను.

తలుపు అవతల ఆయన భార్య, మేం పనివాళ్ళం ‘మామా’ అని పిలిచే ఆవిడ, పకపకా నవ్వింది. దాంతో ఆయనా నవ్వాడు. ఇన్నాళ్ళకు నా ఎదుటే నిజం చెప్పింది నువ్వొక్కదానివే అన్నాడు. “ఖలాస్, వదిలేశాను. యల్లా, పో. రమదాన్‌లో మాత్రం వచ్చి హరీస్ వండు.” హరీస్ అంటే గోధుమలూ మాంసమూ కలిపి మెత్తగా ఉడికించే వంటకం.

నేర్చుకున్నది ఇంతే: ఎవరినైనా పిలిచే ముందు ఆ పిలుపు వాళ్ళింట్లో ఏ అర్థంతో తిరుగుతోందో కనుక్కోవాలి. సెన్యూర్ తన మనిషిని ఊరు దాటనిచ్చేవాడు కాదట. మా పెద్దాయన దాటనిచ్చాడు. పని మానేదాకా ప్రతి రమదాన్‌కూ, కబురు రాకముందే, ఆయనింటికి పోయి హరీస్ వండాను.