ఎల్లయ్య మామకు నేను చదివిన ఉత్తరం

ఎవరైనా కాగితం చేతికిచ్చి చదవమంటే నాకు ఇప్పటికీ అరచేతులకు చెమట పడుతుంది. డెబ్భై దాటిన మనిషిని. పేపరు చదువుతాను, పట్టా కాగితం చదువుతాను, దవాఖాన చీటీ తప్ప అన్నీ చదువుతాను. అయినా ఆ భయం పోలేదు. దాని వెనక ఒక ఉత్తరం ఉంది. ఆ బరువు ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా. మీకు ఎందుకు చెబుతున్నానంటే, మీరు నా మొహం చూడలేరు. అంతే.

నేను ముప్పై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. నెక్కొండకు దగ్గర మా ఊరు. పెద్దవాళ్ల కోసం పెట్టిన బడిలో పంతులు పెద్ద పెద్ద అచ్చు అక్షరాల పుస్తకం ఇచ్చారు. అది చదవగలిగాను. ఊరంతా నన్ను చదువుకున్నోడన్నది. పంచాయతీ సమితులు అప్పుడే కొత్తగా వచ్చాయి. మా పంచాయతీకి బంట్రోతు కావాలంటే, చదువొచ్చు కదా అని సర్పంచ్ నన్ను పెట్టుకున్నాడు. కూలి తప్పింది. ఒంటి మీదికి ఖాకీ అంగీ వచ్చింది. ఒక్క సంగతి మాత్రం దాచాను. నాకు అచ్చు తప్ప చేతిరాత చదవడం రాదు. ఆఫీసు వాళ్లు గొలుసులాగా కలిపి రాస్తే అది నా కంటికి చీమల బారు.

మా వాడకట్టులో ఎల్లయ్య ఉండేవాడు. వరస ఏమీ లేదు, మామా అని పిలిచేవాణ్ణి. తాతల నాటి నుంచి వాళ్లది పటం కథ చెప్పే ఇల్లు. పొడుగాటి బట్ట మీద బొమ్మలు గీయించిన పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, కట్టెతో ఒక్కో బొమ్మ చూపిస్తూ, నేతవాళ్లకు వాళ్ల కులం పుట్టుకను పాడి చెప్పేవాడు. ఆయన భార్య రాజవ్వ పక్కన తాళం వేసేది. ఏ ఊరికి పోయినా ఆ పటం చూసే కూర్చోబెట్టేవాళ్లు, దాన్ని చూసే గింజలు పెట్టేవాళ్లు. అది లేకపోతే వాళ్లకు బతుకు లేదు. అప్పటికే చుట్టిన చోటల్లా పగిలి రంగు రాలుతోంది.

ఆ ఏడు సమితి ఒక పని తలపెట్టింది. ఏ ఊర్లో ఏ మేళం ఉంది, ఎవరు ఏం ఆడతారు, వాళ్లకు ఏది అవసరం అని జాబితా రాయించి, ఎంచుకున్న వాళ్లకు సాయం చేయాలని. గ్రామసేవక్ సైకిల్ మీద వస్తే ఎల్లయ్య ఇంటికి తీసుకుపోయింది నేనే. కొత్త పటం కావాలని రాయించి, వేలిముద్ర వేయించి, దరఖాస్తు మోసుకుపోయింది కూడా నేనే.

కొన్నాళ్లకు జవాబు వచ్చింది. ఎల్లయ్య అరుగు మీద పది మంది చేరారు. కాగితం విప్పాను. చేతిరాత. అందులో పటం అనే మాట దొరికింది. సాయం అనే మాట దొరికింది. కింద ముద్ర దొరికింది. మిగతాది దొరకలేదు. చదవడం రావట్లేదు అని అంటే ఏమయ్యేది? నవ్వేవాళ్లు. సర్పంచ్ చెవిన పడేది. ఖాకీ అంగీ పోయేది. మంజూరైందని చెప్పాను. కొత్త పటం గీయించుకొమ్మన్నారని చెప్పాను.

వాళ్ల ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఒక కప్పు కింద రెండు పటాలు ఉండకూడదు. కొత్తదానికి బట్ట పరవకముందే పాతదాన్ని, చనిపోయిన మనిషిని సాగనంపినట్టు సాగనంపి, గోదావరికి అప్పగించాలి. అది నాకు తెలుసు. ఆ నిమిషంలో గుర్తు రాలేదని రాయొచ్చు. రాయను. గుర్తొచ్చింది.

మూడు రోజులు ఆ కాగితాన్ని జేబులోనే మోశాను. ఉత్తరం నా దగ్గరే ఉండనిమ్మన్నాడు ఎల్లయ్య. నాలుగో రోజు నెక్కొండ స్టేషన్‌కు పోయి, నన్ను ఎరగని టికెట్ల గుమాస్తా ముందు పెట్టాను. అద్దాలు ఇంట్లో మరిచిపోయానన్నాను. నాకసలు అద్దాలే లేవు. ఆయన ఒక్క ఊపిరిలో చదివేశాడు. సాయం ఇంకా తేలలేదు. పాత పటం తీసుకొచ్చి చూపించాలి. అది చూసి, తరాల నుంచి కథ చెబుతున్న ఇల్లేనని నమ్మకం కుదిరితే ఇస్తారు.

మర్నాడు పొద్దున్నే ఎల్లయ్య వాళ్లు పాత పటంతో బస్సెక్కి, ములుగు మీదుగా గోదావరికి పోతున్నారు. నేను ఊరి దాకా ఉరికినట్టే నడిచాను. చెప్పేద్దామనే పోయాను. ఇది నమ్మండి, నమ్మకపోండి.

ఇల్లంతా చుట్టాలు. పటాన్ని గోడకు వేలాడదీసి, కింద దీపం పెట్టారు. ఎల్లయ్య నన్ను చూసి లేచాడు.

"రా అల్లుడా. నీ కోసమే చూస్తాన్న. మొదటి పసుపు నీ చేత్తోనే పెట్టాలె. నువ్వు లేకుంటే మాకు ఆ కాగితం ఎవడు చదువుతుండె?"

"మామా, రేపే పోవాల్నా? జర ఆగరాదు."

రాజవ్వ నవ్వింది. "ఖాకీ అంగి ఏసినకాన్నుంచి అన్నిటికి ఆగుమంటాండు. సర్కారోడైండు గదా."

చుట్టాలూ నవ్వారు. ఎల్లయ్య నవ్వలేదు. "ఎందుకు బిడ్డా? ఉత్తరంల ఇంకేమన్న ఉన్నదా?"

అందరూ నా వైపే చూశారు. ఉత్తరం నా జేబులోనే ఉంది.

"ఏం లేదు మామా," అన్నాను.

పసుపు పెట్టాను.

వాళ్లు గోదావరి నుంచి తిరిగొచ్చాక, మంజూరైన సాయం తెచ్చుకుందామని ఎల్లయ్య అంటే సమితికి ఆయన్ను తీసుకుపోయాను. పటం ఏదని అడిగారు. గోదావరికి అప్పగించామన్నాడు, మీరే రాశారు కదా అన్నాడు. అలా రాయలేదు, ఉత్తరం చూపించమన్నారు. ఎల్లయ్య నా వైపు చూశాడు. ఎలుకలు కొట్టేశాయన్నాను. ముందు రోజే దాన్ని పొయ్యిలో పెట్టాను. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. సరే, కథన్నా చెప్పమన్నారు. ఎల్లయ్య కట్టె ఎత్తి సున్నం గోడ మీద పెట్టాడు. చూపించడానికి బొమ్మ లేదు. రెండు మాటలు పాడి ఆగిపోయాడు. సాయం వేరే ఊరి మేళానికి పోయింది.

తిరిగొస్తూ దారిలో అడిగాడు, ఉత్తరంలో మంజూరని ఉందా లేదా అని. ఉందన్నాను. సర్కారు వాళ్లు రాసేది ఒకటి, చేసేది ఒకటి అన్నాను. నమ్మాడు. నన్ను కాక ఎవరిని నమ్ముతాడు?

రెండేళ్లు పటం లేకుండానే ఊళ్లు తిరిగాడు. ఎవరూ కూర్చోలేదు. తర్వాత నెక్కొండ స్టేషన్‌లో మూటలు మోశాడు. రాజవ్వ తాళాలు చూరుకు వేలాడేవి. మళ్లీ జాబితా రాయడానికి గ్రామసేవక్ వస్తే అరుగు ఎక్కనివ్వలేదు. వేలిముద్ర వేయొద్దని చుట్టుపక్కల మేళాల వాళ్లందరికీ చెప్పాడు. వాళ్లూ వేయలేదు. నా అబద్ధం ఒక్క ఇంటితో ఆగలేదు. ఎన్ని మేళాలు అట్లా ఆగిపోయాయో నాకు తెలియదు. లెక్కపెట్టడానికి ధైర్యం లేదు.

ఆ తర్వాతే చేతిరాత నేర్చుకున్నాను. ఎల్లయ్య మీది జాలితోనా? కాదు. మళ్లీ అట్లాంటి కాగితం వస్తే దొరికిపోతానని. ఆ ఖాకీ అంగీతోనే రిటైరయ్యాను.

ఎల్లయ్య పోయాడు. రాజవ్వ పోయింది. క్షమించమని అడగడానికి ఎవరూ లేరు. ఉన్నా అడిగేవాణ్ణేనా? అనుమానమే. కానీ ఉత్తరం ఆయనది. ఆయనకు ఎవరూ చదివి వినిపించలేదు. స్టేషన్‌లో ఒక్కసారే విన్నాను, ఒక్క మాట కూడా మరిచిపోలేదు. ఇప్పుడు చదువుతున్నాను, మామా.

"మీ దరఖాస్తు అందినది. కొత్త పటమునకు సాయము విషయమై నిర్ణయము చేయుటకు ముందు మీ పాత పటమును పరిశీలించి, మీది తరతరములుగా కథ చెప్పు ఇల్లని నిర్ధారించుకొనవలసియున్నది. కావున దానిని జాగ్రత్తగా తీసుకొని సమితి కార్యాలయమునకు రాగలరు."

ఇదే మామా. ఇందులో ఇదే ఉంది.