ఒక్క గీత, పక్కన సంతకం

నా చిన్నప్పుడు మా ఇంట్లో పిల్లలందరిలోకీ సంతకం పెట్టడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. అప్పటికి నాకు పదేళ్లు కూడా నిండలేదు. బడి కోసమో బ్యాంకు కోసమో నేర్చుకున్న సంతకం కాదది. మా పెదనాన్న పుస్తకంలో నేను రాసిన ఒక అబద్ధం పక్కన పెట్టడానికి నేర్చుకున్నాను.

మా పెదనాన్న గోదావరి జిల్లా నుంచి స్టీలు ప్లాంటు ఉద్యోగానికి విశాఖపట్నం వచ్చినవాడు. పెద్దమ్మ పోయాక క్వార్టర్లో ఒక్కడే ఉండలేక మాతో ఉండేవాడు. పిల్లల్లేరు. ఆయనకి ఒక సినిమా గాయని పాటలంటే ప్రాణం, పెద్దమ్మకీ అంతేనట. ఆ గాయని పేరు చెప్పను. చెబితే మీలో సగం మంది ఆమె పాట ఒకటి అందుకుంటారు, ఇక నా మాట వినరు. పెద్దమ్మ పోయిన తర్వాత ఆ గొంతే పెదనాన్నకి ఇంట్లో రెండో మనిషి.

ఆమె జీవితమంతా ఒకచోట చేర్చాలని ఆయన మూడు దళసరి పుస్తకాలు నింపాడు. ఏ పాట ఏ ఏడు పాడింది, ఎవరు బాణీ కట్టారు, ఏ పత్రికతో ఏం చెప్పింది, అన్నీ అందులో ఉండేవి. ఊళ్లోని అభిమానుల సంఘం వాళ్లు దాన్ని అచ్చు వేయిస్తామన్నారు. మొదటి పేజీలో పెద్దమ్మ పేరు వేయించాలని ఆయన కోరిక. అంతకు మించి ఆ మనిషికి ఇంకే కోరికా ఉన్నట్టు నేను చూడలేదు.

పత్రికల్లోంచి బొమ్మలు, వార్తలు కత్తిరించి అంటించడం నా పని. అమ్మ మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి జిగురు చేసి ఇచ్చేది. చేతులు రెండు రోజులు నీలంగా ఉండేవి. ఒకసారి ఆమె కుక్కపిల్లని ఎత్తుకున్న ఫొటో అంటించి, కింద ‘ఈమెకు కుక్కలంటే ప్రాణం’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, మెప్పు కోసం ఆయన ముందు నిలబడ్డాను.

“నీకెవరు చెప్పారమ్మా?” అన్నాడు.

ఎవరూ చెప్పలేదు. ఫొటోలో నవ్వుతోంది కదా అన్నాను. రబ్బరు తెచ్చుకోబోతే వద్దన్నాడు. ప్లాంటులో ఆయన కూర్చునే కంట్రోల్ రూములో లాగ్ బుక్కు ఒకటి ఉంటుందట. షిఫ్టులో జరిగింది జరిగినట్టు సిరాతో రాయాలి. తప్పు రాస్తే చెరపకూడదు, పులిమెయ్యకూడదు. కింద ఏముందో ఎవరైనా చదువుకోగలిగేట్టు ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం పెట్టాలి. అలా చెప్పి, ఏడుపు మొహంతో ఉన్న నాచేత గీత కొట్టించి, నా పేరు గొలుసుగా రాయడం నేర్పించాడు. ఆ ఉక్రోషంలో తర్వాతి పేజీలో ఆమె చేసిన చీరల దుకాణం ప్రారంభోత్సవం వార్తని వంకరగా అంటించాను. ఆయన చూసి, దాన్ని అలాగే ఉంచేశాడు.

ఆ వానాకాలంలోనే, ఆయన షిఫ్టులో పనిచేసే ఆనందపురం వైపు ఊరి మనిషి ఒకాయన ఇంటికొచ్చాడు. “బావా, నీకో సంగతి సెప్పాల. మా ఊర్లో ఓ ముసిల్దుంది. నీ పాటలావిడికి సిన్నప్పుడు పాటొచ్చింది ఈవిడ కాడేనంట. ఊరంతా అదే సెప్తారు” అన్నాడు. పెదనాన్న నమ్మలేదు. ఆ గాయని ఏ పత్రికతో మాట్లాడినా తను పుట్టిందీ పెరిగిందీ మద్రాసులోనని, తన గురువు ఒక పెద్ద విద్వాంసుడని చెప్పేది. మా పుస్తకాల్లో నాలుగుచోట్ల ఆ ముక్కే ఉంది. అయినా ఆదివారం నాడు నన్ను వెంటబెట్టుకుని, బంతిపూల గంపల మధ్య బస్సులో నిలబడి బయలుదేరాడు.

ఆ ముసలమ్మ తన ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. నడుము ఒంగిపోయి, కూర్చున్నా ఇంకా ఏదో నాటుతున్నట్టే ఉంది. పెదనాన్న సంగతి చెప్పగానే ఆమె మొహం విప్పారింది.

“సిట్టి గురించేటి బాబూ? అది నాకేటీ అవదు. పక్కింటి గుంట. దాని అమ్మ జబ్బుమనిసి, అందుకని నా కాడే తినీది, నా కాడే తొంగునీది. పిన్నీ పిన్నీ అని కొంగట్టుకుని తిరిగీది. నాను ఉడుపులకెల్తే ఎనకాలే వొచ్చి నారు అందించీది. పాట నాను నేర్పనేదు బాబూ, ఇనీసి అదే పట్టీసింది.”

పాడమని అడిగితే సిగ్గుపడింది. ఆ తర్వాత కళ్లు మూసుకుని ఊడుపుల పాట ఒకటి ఎత్తుకుంది. గొంతు బొంగురు, పళ్లు లేవు, మాటలు సగం అర్థం కాలేదు. కానీ ప్రతి వరస చివరా మాటని సగంలో ఆపి, ఒక్క క్షణం ఊరుకుని, కిందినుంచి మళ్లీ అందుకునేది. పెదనాన్న చేతిలో కలం ఆగిపోయింది. నాకూ తెలుసు ఆ ఆపడం. ఆ గాయని ప్రతి పాటలోనూ అదే ఉంటుంది. అది ఆమెకే సొంతమైన విద్య అని పత్రికలు రాసినవి నేనే కత్తిరించాను.

అలా ఎందుకు ఆపుతారండీ అని అడిగాడు పెదనాన్న.

“ఆపడవేటి బాబూ! ఒంగుని నాటుతుంటే, ఎనక్కి అడుగేసినప్పుడు ఊపిరి అందదు. అక్కడ ఆగిపోయి మల్లీ అందుకోవాల. అందరం అలాగే పాడీవోలం.”

పెదనాన్న అదంతా రాసుకున్నాడు. ఒక పేజీ నిండింది. మేం లేచేటప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుని, ఆయన్ని అడిగింది. “మరి అంత పెద్దదైపోనాది కదా. నా మాట ఎప్పుడైనా, ఎవుల్తోనైనా సెప్పిందేటి?”

“చూసి చెబుతానండి” అన్నాడు పెదనాన్న.

తిరుగు బస్సులో ఆయన రాసుకున్న పేజీ మళ్లీ చదువుకున్నాడు. మధురవాడ దాటాక, “మూడు పుస్తకాలూ మనమే అంటించాం కదమ్మా. ఎక్కడా లేదు” అన్నాడు.

ఆ చలికాలం మొదట్లో గాయనికి విశాఖపట్నంలో సన్మానం జరిగింది. సంఘం వాళ్లు పెదనాన్నని ఆమె దిగిన గదికి తీసుకెళ్లారు. నన్నూ రమ్మన్నాడు. ఆమె చాలా మర్యాదగా మాట్లాడింది, నా చేతికి ఆపిల్ పండిచ్చింది. పుస్తకాలు తిప్పుతూ, ఇంత శ్రద్ధగా నా గురించి నేనే దాచుకోలేదండీ అని నవ్వింది. పెదనాన్న మొహం అంత వెలిగిపోవడం నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు. అలా తిప్పుతూ తిప్పుతూ ఆ ముసలమ్మ పేజీ దగ్గరికి వచ్చింది. చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది. పుస్తకం మూసేసింది.

“ఈ పేజీ తీసెయ్యండి. మిగతాది అచ్చు వేయించుకోండి. ముందుమాట నేనే రాసిస్తాను.”

“ఆవిడ చెప్పింది అబద్ధమాండీ?” అన్నాడు పెదనాన్న.

“నేను ఆ మాట అనలేదే. తీసెయ్యండి అన్నాను.”

బయటికొచ్చాక సంఘం పెద్ద ఒకాయన, ఒక్క కాగితమే కదా చింపేస్తే పోయేది అని బతిమాలాడు. పెదనాన్న తల అడ్డంగా ఊపాడు. పుస్తకం ఇక అచ్చు కాదని నాకు అక్కడే అర్థమైంది. పెద్దమ్మ పేరు ఎక్కడా పడదు. ఆ సాయంత్రం సభలో ఆమె పాడుతుంటే జనం ఊగిపోయారు. చరణం చివర మాటని సగంలో ఆపి, కిందినుంచి అందుకుంది. నాకు అంతకుముందు ఎంతో ఇష్టమైన ఆ చోటు ఆ రోజు ఒళ్లు మండించింది. పెదనాన్న మాత్రం తల వంచుకుని విన్నాడు.

నెల తిరక్కుండా షిఫ్టులోని ఆ మనిషి మళ్లీ వచ్చాడు. “ముసిల్ది మంచవట్టీసింది బావా. నీ పుస్తకం గురించే అడుగుతంది” అన్నాడు.

మేం వెళ్లేసరికి ఆమె నులకమంచం మీద గుప్పెడంత అయిపోయి ఉంది. పెదనాన్న చేతిసంచిలోంచి పుస్తకం తీస్తుంటే నాకు గర్వంగానే ఉంది. మా పెదనాన్న అంత పెద్ద గాయని ముందే నిజం వదలనివాడు. ఇక్కడ కూడా ఉన్నది ఉన్నట్టు చెబుతాడు, ఆమె ఏడుస్తుంది, మేం ఓదారుస్తాం అనుకున్నాను. చిన్నతనం ఎంత కఠినమైనదో తలుచుకుంటే ఇప్పుడు భయమేస్తుంది.

“సిట్టి కనబడిందంట కదా. సెప్పిందేటి బాబూ నా మాట?”

పెదనాన్న పేజీలు తిప్పి ఒకచోట ఆపాడు. వంకరగా అంటించిన కాగితం నాకు దూరం నుంచే తెలిసింది. చీరల దుకాణం వార్త అది. కళ్లజోడు సర్దుకుని, ఆ రిబ్బను కత్తిరిస్తున్న ఫొటో మీద వేలు పెట్టి ఆయన నెమ్మదిగా చదివాడు.

“‘నాకు గురువులు చాలామంది. కానీ పాటలో ఊపిరి ఎక్కడ ఆపాలో నేర్పింది మాత్రం మా ఊళ్లో ఒక పిన్ని. ఆ పిన్ని వెనకాల నారుకట్టలు మోస్తూ నేర్చుకున్నాను.’”

నా నోరు తెరుచుకుంది. ఒక్క మాట అంటే చాలు. ఇంతలో మంచంలో ముసలమ్మ నవ్వింది.

“మొయ్యనేదు బాబూ! అందించీది. సిన్నగుంట, ఏటి మోత్తాది? దానికి మతిలేదు, మర్సిపోనాది. అందించీదని రాయి.”

“అలాగేనండి, దిద్దుతాను” అన్నాడు పెదనాన్న. జేబులోంచి కలం తీసి ఏదో రాశాడు. ఆమె నా చెయ్యి తడిమి పట్టుకుని, “సూసినావా గుంటా, మర్సిపోనేదు అది” అంది. ఆ చెయ్యి ఎండుటాకులా ఉంది. నేను నోరు మూసుకున్నాను.

బస్సులో నేను ఆయన పక్కన కూర్చోలేదు. వేరే సీట్లో కూర్చుని, ఇల్లు చేరాక గుమ్మంలోనే అడిగేశాను. కుక్క బొమ్మ కింద రాస్తే నా చేత గీత కొట్టించావు, నువ్వు మాత్రం లేనిది చదివావు కదా అన్నాను.

“అవునమ్మా, చదివాను” అన్నాడు. అంతే. ఎందుకో చెప్పలేదు. చెప్పి ఉంటే పోట్లాడి గెలిచేదాన్ని. ఆ మర్నాడో ఆ పై మర్నాడో ముసలమ్మ పోయిందని కబురొచ్చింది. నేను జిగురు పని మానేశాను. ఆయనా రమ్మని పిలవలేదు.

నేను పెద్దయ్యాను, పెళ్లయింది, రెండువేల సంవత్సరం దాటాక పెదనాన్న పోయాడు. మూడు పుస్తకాలూ నాకు ఇమ్మన్నాడట. తీసుకొచ్చి అటక మీద పడేశాను. ఆయన్ని ప్రేమించాను గానీ, ఆ రోజు సంగతి మాత్రం క్షమించలేదు. నాకు నిజమంటే ఏమిటో నేర్పిన మనిషి, నా ఎదురుగానే దాన్ని కాదన్నాడు. ఆ మంట అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత కొన్నేళ్లకి గాయని పోయింది. రోజంతా టీవీలో ఆమె పాటలే. పెద్దపెద్దవాళ్లు వచ్చి, ఆమె ఊపిరి ఆపే తీరు దైవదత్తమని, ఎవరూ నేర్పగలిగేది కాదని చెబుతున్నారు. వినలేక టీవీ కట్టేసి అటక ఎక్కాను. పుస్తకం తీసి దులిపితే తుత్తం కలిసిన పాత జిగురు పొడిపొడిగా రాలింది. ముసలమ్మ పేజీ ఎక్కడిదక్కడే ఉంది. ఆ తర్వాత వంకర కాగితం వెతికాను.

దాని కింద ఖాళీలో పెదనాన్న చేతిరాత ఉంది. ఆయన ఆ రోజు చదివిన మాటలన్నీ, ఒక్కటీ పొల్లుపోకుండా, సిరాతో ఉన్నాయి. ‘మోస్తూ’ మీద ఒక్క గీత, పైన ‘అందిస్తూ’ అని దిద్దుబాటు, పక్కన సంతకం. ఆమె దిద్దమంది కాబట్టి దిద్దాడు. తర్వాత ఆ మొత్తం మాటల మీద, ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఇంకో గీత. పక్కన మళ్లీ సంతకం. ‘ఇందులో లేదు. ఆవిడ అడిగారు, నేను చదివాను’ అని చిన్న అక్షరాలతో రాసి ఉంది.

అక్కడే నిచ్చెన మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఆయన తనకి తను ఎక్కడా మినహాయింపు ఇచ్చుకోలేదు. చేసింది ఒప్పని రాయలేదు, దాచనూ లేదు. నాకు చెప్పకపోయినా నేను ఎప్పటికైనా ఆ పేజీ తెరుస్తానని ఆయనకి తెలిసే ఉంటుంది. ఇన్నేళ్లు తెరవకపోవడం నా మొండితనం.

ఇప్పుడు మా ఇంట్లో చిన్నవాళ్లకి నేనే పెద్దదాన్ని. ఏ ముసలివాళ్లో మంచం మీంచి నన్నేదైనా అడిగితే, జవాబు చెప్పేముందు నా ఊపిరి ఒక్క క్షణం ఆగుతుంది. ఆయన చేసింది సరైనదేనా అంటే ఈ రోజుకీ నేను తేల్చి చెప్పలేను. ఆ రోజు మెట్టు మీద నేను చేసిన పని మాత్రం చెప్పగలను. లేచి కలం తెచ్చుకుని, ఆ గీత పక్కన, ఆయన సంతకం కింద, ఆయన నేర్పిన గొలుసు అక్షరాలతో నా సంతకం కూడా పెట్టాను. అప్పుడు మంచం పక్కన నిలబడి నోరు మూసుకున్నదాన్ని నేనే కదా.