అడుగకుండ ఎక్కించిన పాట

నెట్ల నుంచి సినిమాలు, పాటలు దొంగతనంగ దింపుకునేటోళ్ల మీద గట్టి చట్టం తెస్తున్నరన్న సంగతి నాకు ముందుగాల చెప్పింది పక్క ములిగిల సీడీలమ్మే చాచా. పొద్దుగాల షట్టరు ఇంక సగమే లేపిన. ఆయన పేపరు పట్టుకొని వచ్చి, ఆ వార్త పడ్డ జాగ మీద వేలు పెట్టి, "చదువు బేటా, పెద్దగ చదువు" అన్నడు. చాచాకు ఉర్దూ చదవొస్తది, తెలుగు అక్షరాలు రావు. హోటల్ల ఎవరో చెప్పుకుంటుంటే విన్నడట. నా నోటితోటి ఇంకోసారి వినాలని వచ్చిండు.

చదివిన. పర్మిషన్ లేకుండ నెట్ల పెట్టినా, దింపి అమ్మినా కేసు, జైలు, షాపు సీజు. చదువుతుంటే నా గొంతు నాకే సన్నగ వినపడ్డది. అండ్ల రాసిందంతా నేను రోజు చేసే పనే.

అప్పుడు మాది ఇంకా మెదక్ జిల్లా. డిగ్రీ అయినంక నౌకరీ దొరుకక, సిద్దిపేట పాత బస్టాండు దగ్గర ఒక ములిగి కిరాయికి తీసుకొని రెండు కంప్యూటర్లు పెట్టుకున్న. హాల్ టికెట్లు తీసిచ్చుడు, అప్లికేషన్లు నింపుడు బోర్డు మీద రాసిన పని. అసలు నడిచేది మాత్రం ఫోన్ల మెమరీ చిప్పులల్ల పాటలెక్కించుడు. చాచాది ఇరవై ఏండ్ల సంది క్యాసెట్ల షాపు, తర్వాత సీడీల షాపు. నేనొచ్చినంక ఆయన కౌంటరు మీద దుమ్ము పడుడు షురువైంది. అయినా చాయ్ తెప్పిస్తే నాకొక కప్పు పంపకుండ తాగకపోయేది. "నువ్వు మంచి పిల్లవే గని నీ ధందా మంచిది కాదు" అని మొకం మీదనే అనేటోడు. ఆ పొద్దు ఆయన మొకం పండుగ లెక్క ఉన్నది. నాకు కోపం సుత రాలే.

మా రెండు షాపుల ముంగట, రోడ్డుకు అవుతల, తెలంగాణ కోసం రిలే దీక్ష టెంటు ఉండేది. రోజుకొక బ్యాచి దండలేసుకొని కూసునేది. ఒకనాడు టీచర్లు, ఒకనాడు టైలర్లు, ఒకనాడు మంగలి షాపులోళ్లు. మైకు పొద్దంత మోగేది. వార్త అక్కడికి చేరేసరికి ఊరంత రెండు పాలైంది. సినిమా టాకీసు దగ్గర సైకిల్ స్టాండు నడిపే ఆయన వచ్చి, మంచిగైంది, ఇంట్లనే సినిమా చూసుకుంట మా కడుపు కొట్టిన్రని అన్నడు. కాలేజి పిల్లలు, బెజ్జంకి నుంచి బస్సెక్కి వచ్చేటోళ్లు, మేము టికెట్ పెట్టి చూసేంత ఉంటే దింపుకునుడెందుకని లొల్లి పెట్టిన్రు. ఆ రోజు దీక్షల కూసున్న ఒక పంతులు సారు మైకు తీసుకొని, సినిమాల పేరు చెప్పి మన ఉద్యమం పాటలు బందు పెట్టనీకే ఈ చట్టమని అన్నడు. ఆ మాట నిజమో కాదో ఎవలూ ఆగి చూడలే. మధ్యాహ్నం వరకు ఆ మాట ఊరంత తిరిగింది.

ఇగ చూడు, నా షాపు మీద జనం పడ్డరు. చట్టం వచ్చేలోపల ఎంత దొరికితే అంత నింపుకోవాలని. ఫోన్లున్నోళ్లు ఫోన్లు తెచ్చిన్రు, ఫోన్లు లేనోళ్లు చిప్పులు కాగితంల చుట్టుకొని తెచ్చిన్రు. కొమురెల్లి జాతర దినాలాయె, బండ్లు కట్టుకొని పోయేటోళ్లు తొవ్వల వినాలని మల్లన్న పాటలు అడిగిన్రు. ఒక ముసలాయన తన మనుమని ఫోను పట్టుకొని గంటసేపు లైన్ల నిలబడి, తీరా నా ముంగటికి వచ్చినంక ఏ పాట కావాలో మర్చిపోయిండు. కంప్యూటరు వేడెక్కి మొరాయిస్తే మూత తీసి టేబుల్ ఫ్యాను దాని దిక్కు తిప్పిన. రెండు రోజులు అన్నం కూసొని తినలే. భయం ఉన్నది, గని దానికంటె ఎక్కువ ఉషారున్నది. ఊరంత నా గడప ముంగట నిలబడ్డది మల్ల.

ఆ రెండు రోజులు అందరికంటె ఎక్కువ మంది అడిగింది ఒక్క పాట. దాన్ని పాడింది మా వాడల అత్త. రక్తసంబంధం కాదు. మా అవ్వ, ఆమె ఒక్క అరుగు మీద కూసొని బీడీలు చేసేటోళ్లు, గట్ల అత్త అయింది. చేతులు కత్తెర, తునికాకు మీద ఆడుతుంటే నోటికి పాట వచ్చేది ఆమెకు. ఏడాది కింద ఒక పగటీలి, ఆమె ఒళ్లె చాట పెట్టుకొని పాడుతుంటే నేను ఫోన్ల రికార్డు చేసిన.

*ఆకు గోసిన చెయ్యి, తంబాకు నింపిన చెయ్యి,*
*దారమేసిన చెయ్యి, దండం పెట్టిన చెయ్యి,*
*జెండ వట్టింది సూడు గిప్పుడు నా చెయ్యి.*

కత్తెర చప్పుడు సుత పడ్డది అండ్ల. అదే తాళం. ఆ సాయంత్రమే వీడియోల సైటుల పెట్టిన. పేరు "జానపదం" అని రాసి, పక్కన నా షాపు పేరు పెట్టుకున్న. అందరు డౌన్‌లోడ్ షాపులోళ్లు అట్లనే పెట్టుకునేది. అది తిరిగి తిరిగి ఆటోలల్లకు, టెంట్లల్లకు, పెండ్లిళ్ల బ్యాండులకు పోయింది. నేను మస్తు గర్వపడ్డ. ఎవరి కోసం గర్వపడ్డనో అప్పుడు ఆలోచన చెయ్యలే.

మూడో రోజు పగటీలి జీపు వచ్చి ఆగింది. ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్లు. కొత్త చట్టం రాకున్నా పాత చట్టం ఉన్నది, బస్టాండు చుట్టుపక్కల డౌన్‌లోడ్ షాపులన్నీ చూస్తున్నమని చెప్పి నా కంప్యూటరు ముంగట కూసున్నరు. సినిమాల ఫోల్డరు తెరిచి, ఇవి ఎక్కడియని అడిగిన్రు. తర్వాత పాటల ఫోల్డరు తెరిచిన్రు. ఇవి ఉద్యమం పాటలు సార్, ప్రజల పాటలు, వీటికి ఎవరి పర్మిషన్ కావాలె అన్న. ఎస్సై నెమ్మదస్తుడే. ప్రజలంటే ఎవరో ఒక్క మనిషిని తీసుకొచ్చి చూపియ్యమన్నడు. కానిస్టేబులు వైర్లు పీకి సీపీయూ సంకల పెట్టుకొని, నన్ను స్టేషనుకు నడువుమన్నడు.

అంతే, టెంటు లేచింది. దీక్షల ఉన్నోళ్లు దండలతోటే రోడ్డు దాటి జీపు చుట్టు నిలబడ్డరు. జై తెలంగాణ అని ఒక్కసారి అన్నరంటె ఆటోలు ఆగినయి, బస్సు ఆగింది. మొన్న మైకుల మాట్లాడిన పంతులు సారు జీపు బానెట్ మీద చెయ్యి పెట్టి, పాటలను అరెస్టు చేస్తరా అని అడుగుతున్నడు. నేను భయానికి గడప దిగలే. చెప్తే నమ్మరు గని, లోపల ఎక్కడో సంబురంగ సుత ఉన్నది.

అప్పుడు చాచా తన షాపు దిగి వచ్చిండు. ఆయనను చూసి జనం జర గుర్రుగ జరిగిన్రు, ఆయనే కంప్లైంట్ ఇచ్చిండని కొందరి అనుమానం. నాకు సుత ఒక్క క్షణం ఆ అనుమానం వచ్చింది. ఆయన ఎవరినీ చూడలే. తన షట్టరు దించి తాళమేసిండు, నా షట్టరు దించి తాళమేసిండు. ఎస్సైతోటి, ఖానూన్ మంచిదే సాబ్, నేను ఇన్నేండ్ల సంది దీనికోసమే ఎదురుచూసిన అని చెప్పిండు. తర్వాత నా దిక్కు తిరిగి, "ఒక్కదానివి ఎందుకు పోతవు. నడువు, నేనొస్త" అన్నడు.

జనం తొవ్వ ఇచ్చిన్రు. స్టేషన్ దూరమేం లేదు. జీపు ముంగట, ఎనుక జనం. మేము చేరేవరకు మా అవ్వకు ఎవరో చెప్పిన్రు. అవ్వ అత్తను వెంట పెట్టుకొని వచ్చింది. వాళ్ల ఎనుక మా వాడ ఆడోళ్లు, కొందరి చేతులకు తంబాకు పొడి ఇంకా అంటుకొనే ఉన్నది. లోపలికి నన్ను, చాచాను, అవ్వను, అత్తను రానిచ్చిన్రు.

మీరు చూపియ్యమన్న మనిషి ఈమెనే సార్ అని నేను చెప్తే, ఎస్సై సీపీయూ తగిలించి అత్త పాట పెట్టిండు. కత్తెర చప్పుడు, మీద అత్త గొంతు. అత్త నిలబడి తన గొంతు తనే విన్నది. సగం కాంగనే ఎస్సై ఆపి, ఇది నువ్వు పాడిందేనా అని అడిగిండు. జవాబుగ అత్త అది ఆగిన కాడ అందుకొని మిగిలిన పాట పాడింది. మైకు లేదు, ఏం లేదు. బయట కిటికీ కాడ ఉన్న ఆడోళ్లు అందుకున్నరు, వాళ్ల ఎనుక టెంటోళ్లు అందుకున్నరు. స్టేషన్ రైటరు రాస్తున్న పెన్ను పట్టుకొని అట్లనే ఉండిపోయిండు.

పాట అయినంక ఎస్సై, ఈ పిల్ల నీ పాట నెట్ల పెట్టి అందరికీ ఎక్కిస్తున్నది, నీకేమన్న అభ్యంతరమా అని అడిగిండు. అత్త ఏమంటదో నాకు తెలుసనుకున్న. నా బిడ్డ లాంటిది సారూ, అంటదనుకున్న.

అత్త నన్ను చూసి, "నన్ను అడుగలే సారు" అన్నది.

అవ్వ తల దించుకున్నది. అత్త కోపంగ ఏం చెప్పలే, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పోయిన ఐతారం జాతరకు కొమురెల్లి పోతే అక్కడ పసుపు కుంకుమ అమ్మే దుకాణంల ఈ పాట మోగిందట. ఇది నా గొంతని ఆమె చెప్తే, దుకాణపామె, పక్కన నిలబడ్డోళ్లు నవ్విన్రట. బీడీలు చేసేదానివి నీ పాట ఫోన్లెట్ల వస్తదని. ఇంటికొచ్చి మా అవ్వకు సుత చెప్పలేదట, మల్ల నవ్వుతరేమోనని.

ఎస్సై కంప్యూటరు మీద పాట పేరు చూసిండు. పాడింది ఈమె, పేరు నీ షాపుదా అన్నడు నాతోటి. మూడు రోజుల సంది దొంగ దొంగ అన్న మాట ఎన్నో సార్లు విన్న, ఒక్కసారి సుత తాకలే. అప్పుడు తాకింది. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. అత్త చెయ్యి పట్టుకొని, తప్పైంది అత్తా అన్న.

అత్త చెయ్యి ఇడిపించుకోలే. ఎస్సై దిక్కు తిరిగి చెప్పింది. "పాట ఆపకున్రి సారు. పాడుకోనీకే కట్టిన. ఆటోలల్ల పెట్టుకోనీ, టెంట్లల్ల పెట్టుకోనీ. గని కట్టింది నేనని ఉండాలె. ఇంకోసారి ఎక్కిస్తే నాకొక మాట చెప్పాలె."

చాచా కుర్చీల నుంచి లేచి, ఖానూన్ ఇట్లనే రాయాలె సాబ్ అన్నడు. ఎస్సై నవ్విండు. సినిమాలన్ని తన ముంగటనే నాతోటి తీయించిండు. ఇంకోసారి దొరికితే కేసే అని రాయించుకున్నడు. అత్త పాటకు ఆమె ఒప్పుకున్నదని కాగితం రాసి, ఆమెతోటి వేలిముద్ర పెట్టిస్తనన్నడు. అత్త పెన్ను అడిగింది. సంతకం నేర్చుకున్న అన్నది. ఒక్కొక్క అక్షరం ఆగి ఆగి రాసింది. మేమందరం ఆ పెన్ను దిక్కే చూసినం.

సీపీయూ చాచానే మోసుకొచ్చిండు. మెట్లు దిగంగనే జనం పొలికేక పెట్టిన్రు. చట్టం ఓడిపోయిందని కొందరు, పాట గెలిచిందని కొందరు. లోపల ఏం జరిగిందో వాళ్లకు తెల్వదు. చెప్దామంటె నా మాట ఎవలికి వినపడతది. డప్పులోళ్లు ఎక్కడి నుంచి వచ్చిన్రో వచ్చిన్రు. బస్టాండు దాంక ఊరేగింపు. టెంటు కాడికి రాంగనే పంతులు సారు మైకు నాకిచ్చిండు. అప్పుడు చెప్పిన. ఏడాది సంది మీరందరు పాడుకుంటున్న పాట కట్టింది, పాడింది ఈమె, నేను అడుగకుండ ఎక్కించిన, పేరు సుత పెట్టలే అని చెప్పిన. అత్తకు మైకు ఇచ్చిన. మైకు ఎంత దూరం పెట్టుకోవాలో తెల్వక మొదటి మాట పెద్దగ పేలింది, జనం నవ్విన్రు, ఆమె సుత నవ్వింది. ఆ తర్వాత పాడింది చూడు. ఆగిపోయిన బస్సుల కూసున్నోళ్లు కిటికీలల్ల నుంచి చప్పట్లు కొట్టిన్రు.

ఆ చట్టం గురించి తర్వాత శానా దినాలు పేపర్లు రాసినయి. ఊర్ల సినిమాలు దింపుకునుడు ఆగిందని నేను చెప్పలేను, చాటుకు పోయింది, అంతే. నేను మాత్రం మానేసిన. జనం తగ్గిన్రు. చాచాతోటి కలిసి ఇంకో పని మొదలు పెట్టినం. ఊర్లల్ల పాడేటోళ్లను ఎతుక్కుంట పోయి, అడిగి, రికార్డు చేసుడు. ఎర్రవల్లి దిక్కు ఒకామె సంతోషంగ పదకొండు పాటలు ఇచ్చింది. కొమురెల్లి తొవ్వల ఒగ్గు కథ చెప్పే ఒక తాత ఇయ్యనన్నడు. దేవుని ముంగట పాడేది బస్సుల మోగొద్దన్నడు. నా దగ్గర అప్పటికే ఉన్న ఆయన పాట ఆయన ముంగటనే ఫోన్ల నుంచి తీసేసిన. మమ్ముల అన్నం తిననియ్యకుండ పంపలే తాత.

తెలంగాణ వచ్చిందన్న పొద్దు ఈ బస్టాండు ముంగట కాలు పెట్ట సందు లేదు. చాచా షాపు ముంగట జిలేబి పళ్లెం పట్టుకొని కనపడ్డోని నోట్లె కనపడ్డట్టు పెడుతున్నడు. అత్త టెంటు బల్ల ఎక్కి కొత్త పాట అందుకున్నది. అప్పటికప్పుడు కట్టింది, మాటలు ఎవలికీ రావు. అయినా ఆమె ఒక లైను ఇస్తే మేము వేల మందిమి తిరిగి ఇచ్చినం. మా అవ్వ నా భుజం పట్టుకొని అడుగేసింది. జీవితంల ఎన్నడూ రోడ్డు మీద ఆడని మనిషి. నేను, అవ్వ, వాడ ఆడోళ్లు, గొంతులు పోయేదాంక పాడినం.