మట్టిలో ఉండిపోయిన వరుసలు

2002. గుంటూరు దగ్గర ఒక విశ్వవిద్యాలయంలో, ప్రాచీన విద్యల విభాగంలో నేను పాఠాలు చెబుతున్న రోజులు. ఎం.ఏ. చివరి ఏడాదిలో ఒక పేపరు బదులు డిసర్టేషన్, అంటే సొంత పరిశోధన వ్యాసం, రాసేవాళ్ళను మేం ‘ఆనర్స్ వాళ్ళు’ అనేవాళ్ళం. పేరు గొప్పదే. చాలామంది చేసేది మాత్రం అచ్చయిన శాసనాల సంపుటం ముందేసుకుని పాత వ్యాఖ్యను కొత్త కాగితం మీదికి దించడం. మా విభాగాధిపతి గారికీ అదే హాయి. “సేఫ్ టాపిక్ ఇవ్వండి మేడమ్” అనేవారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. ఏటా ఆయనతో ఒక పోట్లాట ఖాయం.

ఆ ఏడాది నా దగ్గరికొచ్చిన ఆనర్స్ పిల్ల సైదాబి. దూదేకుల వాళ్ళమ్మాయి. తండ్రి సైదులు సత్తెనపల్లి చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి పరుపులు కుడతాడు. చిన్నప్పుడు ఆయన వెంట వెళ్ళి, ఒక పల్లె నడిబజార్లో అక్షరాలున్న రాయి చూసిందట. ఎవరూ అచ్చువేయని శాసనం. “అదే చదువుతాను మేడమ్” అంది. తల ఎగరేసి కాదు, బతిమాలుతూనూ కాదు. నాకు నచ్చింది.

శాసనం చదవాలంటే ముందు ఎస్టాంపేజ్, అంటే కాగితం మీదికి రాతి అక్షరాల అచ్చు, తీయాలి. రాయి కడిగి, తడి కాగితం అంటించి, బ్రష్‌తో కొట్టి అక్షరాల గుంటల్లోకి దించాలి. కాగితం కాస్త ఆరాక డాబర్‌తో సిరా అద్దాలి. డాబర్ అంటే దూది కుక్కిన గుడ్డమూట. కాగితం నల్లబడి అక్షరాలు తెల్లగా మిగులుతాయి. మా విభాగంలో ఉన్న డాబర్లు సిరా మింగి ముద్దలు కక్కేవి. సైదాబి తండ్రి ఏకిన దూదితో తనే ఒకటి చేసుకొచ్చింది. అలాంటి డాబర్ మళ్ళీ నా చేతికి రాలేదు.

మిరపకాయలు కళ్ళాల్లో ఆరుతున్న కాలంలో ఇద్దరం తుమ్ముకుంటూ ఆ ఊరు చేరాం. తీరా చూస్తే ఆ రాయి అక్కడి వాళ్ళకు గ్రామదేవత. పసుపు, నూనె, సున్నం పొరలు పొరలుగా పేరుకుపోయి ఉన్నాయి. కడుగుతామనగానే ఎదురింటి వెంకాయమ్మ చీపురుతో సహా వచ్చేసింది.

“ఇది శాసనమండీ, దేవత కాదు” అన్నాను. నా నోరు ఊరుకోదు కదా.

“నీకు శాసనమైతే మాకు తల్లి. చదువుకున్నదానివి, పరాయి ఊరొచ్చి మా అమ్మను గీకుతానంటావేంటమ్మా?”

నేను ఇంకో మాటకు సిద్ధమవుతుంటే సైదాబి అరుగు మీద కూర్చుని, “మామ్మా, కాసిని మంచినీళ్ళు ఇప్పించవా?” అంది.

“ఎవరి పిల్లవే నువ్వు?”

“పరుపులు కుట్టే సైదులు కూతుర్ని.”

“ఓసినీ! మా పెద్దదాని పెళ్ళికి పరుపులు కుట్టింది మీ నాన్నేనే! ముందే చెప్పొద్దూ?”

“చెప్పనిస్తేగా, చీపురెత్తావు.”

వెంకాయమ్మ నవ్వింది. అప్పుడు సైదాబి అసలు మాటకొచ్చింది. “మామ్మా, మేం ముట్టుకోం. తల్లికి మీరే తలంటు పొయ్యండి. తర్వాత నేను కాగితం వేసి తీసేస్తా.”

ఆడవాళ్ళంతా చేరి కుంకుడురసంతో, కొబ్బరిపీచుతో రాయిని తళతళలాడించారు. అంత శ్రద్ధగా శాసనం కడగడం నా ఉద్యోగంలో ఎక్కడా చూడలేదు. ఒక్కటే షరతు: “పాదాల దగ్గర మట్టి కదపకూడదు.” సైదాబి సరేనని మాటిచ్చింది. శాసనం చివరి వరుసలు ఆ మట్టిలోనే ఉన్నాయి.

డిసర్టేషన్‌లో ఆ చోట ‘కింది వరుసలు మట్టిలో ఉన్నాయి’ అని రాసి చుక్కలు పెట్టింది. చదవలేని అక్షరాలకు మేం పెట్టే గుర్తు అదే. విభాగాధిపతి గారు విసుక్కున్నారు: “దాన శాసనం చివర ఏముంటుంది? ఇచ్చినదాన్ని చెరిపినవాడు పురుగై పుడతాడనే కదా! ఇంకో శాసనం నుంచి దించెయ్యమ్మా.”

“నేను చూడలేదు కదండీ సార్” అంది. అంతే.

వైవా, అంటే మౌఖిక పరీక్ష రోజున, బయటినుంచి వచ్చిన పరీక్షకుడు సరిగ్గా ఆ పేజీ దగ్గరే ఆగాడు. “తోక లేని శాసనం! రెండు గడ్డపార పోట్లు వేస్తే తేలేదిగా? వెనక్కి పంపుతాను, పూర్తిచేసి వచ్చే ఏడాది తీసుకురా.”

సైదాబికి వచ్చే ఏడాది అనేది లేదు. ఇంకో ఏడాది చదివించే స్తోమతు లేదని సైదులు ముందే చెప్పేశాడు. నేను కుర్చీ వెనక్కి నెట్టి లేచాను.

“మేడమ్, ఒక్క నిమిషం” అని నన్ను ఆపి ఆయనవైపు తిరిగింది. “సార్, ఆ మట్టికింద ఏముంటుందో మీకూ తెలుసు. ఇచ్చినదాన్ని చెరపొద్దని ఉంటుంది. అది చదవడానికి నేనిచ్చిన మాట చెరుపుకోవాలా? తవ్వకుండానే రాశాననుకోండి, చూడనిది చూశానని చెప్పినట్టు. మిగిలింది చుక్కలే సార్.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ పేజీ మళ్ళీ చదివాడు. “మట్టి ఎందుకు తీయలేదో కింద ఒక ఫుట్‌నోట్ రాయి. ఇప్పుడు చెప్పినట్టే రాయి” అని సంతకం పెట్టాడు. నోటిదాకా వచ్చిన వాదనలన్నీ మింగి కూర్చున్నాను. నా ఉద్యోగంలో అలా జరగడం అరుదు.

ఇప్పుడు ఏ పరిశోధన వ్యాసం చేతికొచ్చినా ముందు చుక్కలెక్కడున్నాయో వెతుకుతాను. ఒక్కటీ కనబడకపోతే రాసినవాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతాను: “నాయనా, నీకు తెలియనిది ఎక్కడ దాచావు?”