బోర్లా పెట్టిన ఫోటోలు

1999 నవంబరు 21, నల్లగొండ.

మా ఆడబిడ్డ ఈ నెల పదో తారీఖు పొద్దున దవాఖానలో కన్నుమూసింది. ఛాతీలో నొప్పిగా ఉందని తన ఫోను బూత్‌కు తాళం వేసి రిక్షా ఎక్కిన మనిషి మళ్లీ ఆ తాళం తీయలేదు. నిన్న దినాలకు వచ్చిన ఆడవాళ్లలో కొందరు నన్ను పక్కకు పిలిచారు. ఓదార్పు మాటలయ్యాక గొంతు తగ్గించి అందరూ ఒకటే అడిగారు: "అవ్వా, మా పిల్ల ఫోటో ఏమైంది?" ఒక్కొక్కరికి ఎదురుగా నిలబడి జవాబు చెప్పే ధైర్యం నాకు లేదు. అందుకే మా ఆడబిడ్డను తలచుకుంటూ ఇది రాస్తున్నాను. ఆమెను నమ్మిన ఇళ్లకు కాపీలు పంపుతాను.

భర్త పోయాక ఆమె బస్టాండు దారిలో ఎస్టీడీ బూత్ పెట్టుకుంది. నేను ఆమె అన్న భార్యను, ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. రోజూ సాయంత్రం బూత్ లెక్కలు సరిచూసేదాన్ని. నేను గుమ్మంలో అడుగుపెడితే మనవరాళ్లు అల్లరి మానేస్తారు. ఆమెకు మాత్రం నేనంటే ఏనాడూ జంకు లేదు. "పెద్ద పంతులమ్మ వచ్చింది, తప్పులుంటే దాసిపెట్టుకోండ్రి" అని ఫోనుకోసం కూర్చున్నవాళ్లతో చెప్పేది.

రెండేళ్ల కిందట కంప్యూటరు, ఫోటోలను అందులోకి ఎక్కించే స్కానరు కొన్నది. గల్ఫ్‌లో పనిచేసే అబ్బాయిలకు ఇక్కడ సంబంధాలు చూసే ఇళ్లు మన జిల్లాలో చాలా ఉన్నాయి. పిల్ల ఫోటో పోస్టులో వేస్తే చేరడానికి చాలా రోజులు పడుతుంది. చేరినా అక్కడ ఒక గదిలో పదిమంది ఉంటారు, కవరు ఎవరి చేతుల్లో పడుతుందో తెలియదు. ఈమె ఆ ఫోటోను ఫోను తీగ మీదుగా ఎక్కడో దూరదేశంలో ఉన్న మిషన్‌కు పంపేది. అందులో ఒక్కో అబ్బాయికి ఒక్కో అర. అర చిరునామా ఆ అబ్బాయికే ఫోనులో చెప్పేది. శుక్రవారం సెలవునాడు అతడు అక్కడి నెట్ దుకాణంలో చూసుకునేవాడు. నిఖా కాగానే ఆ ఫోటో తీసేస్తానని ఆమె ప్రతి తల్లికీ మాట ఇచ్చేది.

ఆ అరలు చూడడానికి తాళం లేదు. చిరునామా తెలిస్తే ఎవరైనా చూడవచ్చు. ఆ సంగతి ఆమె ఎవరి దగ్గరా దాచలేదు. అది విన్ననాటి నుంచి నాకు పట్టుకున్న భయం ఇంకా వదల్లేదు.

కట్టంగూర్ నుంచి వచ్చిన ఒక తల్లి నాకు బాగా గుర్తు. బురఖా లోపలినుంచి చేతిరుమాలు తీసి, దాని మడతలు విప్పి, పసుపుపచ్చ దుపట్టా వేసుకున్న కూతురి ఫోటోను టేబుల్ మీద బోర్లా పెట్టింది.

"అక్కా, జర ఫికరైతాంది. మొగోళ్ల చేతుల్ల పడొద్దు."

"నా చెయ్యే తగుల్తది. పిలగాడు సూడనీకె, నేను పంపనీకె. నడుమ ఇంకెవ్వలు లేరు."

"ఈ పంతులమ్మ?"

"ఆమె అంకెలు తప్ప మొకాలు సూడదు" అంది మా ఆడబిడ్డ. ఆ తల్లి నవ్వింది. నాకూ నవ్వాలనిపించింది గానీ నవ్వలేదు.

పంపే పద్ధతి ఇది. తెర నల్లగా ఉంటుంది, బొమ్మలేవీ కనబడవు. ఆజ్ఞలన్నీ అక్షరాలతో కొట్టాలి. ఒక కట్ట ఫోటోలు పంపమని ఒకే వరుసలో చెప్పవచ్చు. అప్పుడు మిషన్ ఒక్కో ఫోటో పేరు చూపించి "పంపాలా?" అని అడుగుతుంది. ఔనంటేనే పంపుతుంది. ఈ అడగడం వద్దనుకుంటే దాన్ని ముందే ఆపేయవచ్చు. అప్పుడు కట్ట మొత్తం అడగకుండా వెళ్లిపోతుంది, పోయినవాటి పేర్లే తెరమీద మిగులుతాయి. మా ఆడబిడ్డ ఫోటోలకు ఆడపిల్లల పేర్లు పెట్టేది కాదు. అబ్బాయి ఊరి పేరు, దాని పక్కన ఒక అంకె, అంతే.

ఒక గురువారం సాయంత్రం, కరెంటు పోయే వేళ దగ్గరపడింది. హుజూర్‌నగర్ అబ్బాయి ఒకడికి భువనగిరి పిల్ల ఫోటోలు పంపాలి. తొందరలో ఆమె మిషన్ అడగకుండా ఆపేసింది. ఊరి పేరు కొట్టి, పక్కన 'ఆ పేరుతో మొదలయ్యేవన్నీ' అని చెప్పే నక్షత్రం గుర్తు పెట్టింది. కానీ కట్టంగూర్ పిల్లను చూస్తున్న అబ్బాయిది కూడా హుజూర్‌నగరే. పసుపుపచ్చ దుపట్టా అమ్మాయి పరాయి అబ్బాయి అరలోకి వెళ్లిపోయింది. ఆ సంగతి తెరమీద చదివిన మరుక్షణమే కరెంటు పోయింది.

తెల్లవారితే శుక్రవారం. అతడు చూస్తాడు, పక్కన స్నేహితులు ఉంటారు. "ఈ పిల్ల ఎవరు" అని ఒకడు అడిగితే చాలు, ఆ మాట ఊరిదాకా వస్తుంది. ఆ సంబంధం తప్పిపోతే పిల్లకు ఏ పేరు అంటగడతారో మాకిద్దరికీ తెలుసు. ఆ చీకట్లో ఆమె కీబోర్డు మీద చేతులు పెట్టుకుని అట్లాగే కూర్చుంది. నేను విసనకర్ర విసురుతుంటే వద్దంది.

"కరెంట్ ఒస్తది తీయి" అన్నాను.

"ఒస్తది వదినె. గాలోపట గాడేం జూస్తడో."

కరెంటు వచ్చింది. ఇంటర్నెట్ కోసం హైదరాబాదు నంబరు కలపబోతే ఎంగేజి, మళ్లీ ఎంగేజి. చివరికి కలిసింది, ఆమె ఆ ఫోటో తీసేసింది. కానీ అంతలో ఎవరైనా చూశారా లేదా అన్నది ఏ తెరా చెప్పదు.

మర్నాడు ఆ అబ్బాయి నుంచి ఫోను వచ్చింది. రిసీవరు మా ఇద్దరి చెవుల మధ్య పెట్టుకున్నాం.

"సలాం అక్కా. ఫోటో సూసిన. నాకు పసందే, అమ్మకు చెప్పు."

"ఏ రంగు దుపట్టా బిడ్డా?"

"ఆకుపచ్చది. ఎందుకక్కా?"

"రంగు మారిందా ఏందని. వేరే పిల్ల గిట్ల కనబడ్డదా?"

"ఒక్క పిల్లనే ఉన్నదిగా. ఇంకోళ్లను గూడ పెడుతవా ఏంది" అని నవ్వాడు.

ఆమె ఫోను పెట్టేసింది. ఇక అయిపోయిందనుకున్నాను. కాలేదు. శనివారం పొద్దున్నే బస్సెక్కి కట్టంగూర్ పోయింది, నేనూ వెంట వెళ్లాను. జరిగింది జరిగినట్టు ఆ తల్లికి చెప్పింది. గడప దాటి వచ్చిన మమ్మల్ని ఆమె కూర్చోమని కూడా అనలేదు.

"నువ్వు చెప్పకపోతే నాకు తెల్వకపోవు గదా అక్కా" అంది చివరికి.

"నాకు తెల్సు గదమ్మా."

అప్పుడు చాయ్ పెట్టింది. పెద్దపిల్ల నిఖా అయ్యాక, ఈ వేసవిలో, చిన్నపిల్ల ఫోటో కూడా అదే చేతిరుమాలులో చుట్టి తెచ్చింది.

ఆనాటి నుంచి మా ఆడబిడ్డ మిషన్ అడగడాన్ని ఎన్నడూ ఆపలేదు. పంపే ముందు టేబుల్ మీద ఫోటోలన్నీ బోర్లా పరిచేది. తెరమీద పేరు రాగానే ఆ ఫోటో ఒక్కటే తిప్పి, ముఖం చూసి, ఔనని కొట్టి మళ్లీ బోర్లించేది. ఎంత పొద్దుపోయినా అంతే. "అడిగే మిషన్ మంచిది వదినె. అడగకుంట ఇన్నదంటెనే భయం" అనేది. అరల్లో ఫోటో పెట్టాలన్నా తీయాలన్నా కొట్టవలసిన తాళపుమాట, అంటే పాస్‌వర్డ్, నెలకోసారి నాతో పైకి అనిపించేది. "నాకేమన్నయితే ఆ పిల్లలను నువ్వే ఇంటికి తేవాలె" అనేది. అట్లాంటి మాటలొద్దని కసిరేదాన్ని.

ఇప్పుడు నాలుగిళ్ల అమ్మాయిల ఫోటోలు ఇంకా అక్కడే ఉన్నాయి. కట్టంగూర్ చిన్నపిల్ల నిఖా పోయిన నెలాఖరున అయిపోయింది. ఫోటో తీసేలోగానే మా ఆడబిడ్డ పోయింది, తీసేస్తానన్న మాట మిగిలిపోయింది. మొన్న బూత్ తలుపు వేసుకుని కంప్యూటరు ముందు నేనే కూర్చున్నాను. తాళపుమాట కొట్టేటప్పుడు అక్షరాలు తెరమీద కనబడవు. జీవితమంతా రాసింది చూసి దిద్దినదాన్ని, కనబడని దాన్ని ఎట్లా దిద్దాలి? తప్పని మిషన్ చెప్పింది. రెండోసారి కొడుతుంటే ఫోను లైనే పోయింది. బూత్ ఇంటర్నెట్ ఖాతా గడువు ఈ నెలాఖరుతో ముగుస్తుంది. ఆ తరువాత లోపలికి పోయే దారి నాకు తెలియదు. రాత్రిళ్లు కళ్లు మూస్తే, ఎవరో తెలియనివాడు ఆ అర తెరుస్తున్నట్టే ఉంటుంది.

కాబట్టి ఇక జరగవలసినవి:

1. ఫోను లైను బాగుచేయమని ఆఫీసులో చెప్పి వచ్చాను. అది బాగయ్యేదాకా రేపు, ఎల్లుండి, ప్రతిరోజూ వెళ్లి అడుగుతాను.

2. నెల ముగిసేలోగా ఆ కంప్యూటరును అమ్మడం గానీ, కదిలించడం గానీ కుదరదు. మా ఇంటి మగవాళ్లు ఇది చదివి గుర్తుపెట్టుకోవాలి.

3. చిరునామా తెలిసిన అబ్బాయిలు ఇంకెవరికీ చెప్పకూడదు. వాళ్ల తల్లులు ఫోను చేసి ఈ మాట గట్టిగా చెప్పాలి.

4. అసలు ఫోటోలు నా బీరువాలో ఉన్నాయి. అరలు ఖాళీ అయ్యాక కబురు చేస్తాను. పిల్ల తల్లి వస్తేనే ఇస్తాను, వేరెవరు వచ్చినా ఇవ్వను.

5. లైను రాగానే కట్టంగూర్ తల్లిని పిలిపించి పక్కన కూర్చోబెట్టుకుంటాను. ఫోటోలన్నీ టేబుల్ మీద బోర్లా పరుస్తాను. తీసేసేటప్పుడు కూడా మిషన్ ఒక్కొక్క పేరు చూపించి అడుగుతుంది. అడగనిస్తాను. ఆమె తన బిడ్డ ఫోటో తిప్పి చూసి తలూపాకే ఔనని కొడతాను. ఆ తరువాత ఆ ఫోటోను మళ్లీ బోర్లించను. ఆమె తెచ్చుకున్న చేతిరుమాలులో చుట్టి ఆమె చేతిలోనే పెడతాను.