పెట్టె కోసం వైజాగ్ వెళ్ళొచ్చాం

ఉదయం ఐదూ ఇరవైకి నర్సీపట్నం బస్ కాంప్లెక్స్‌లో నేనూ, మా కరుణమ్మత్తా, మా ఇద్దరి మధ్య దుప్పట్లో చుట్టిన బేస్ గిటారూ నిలబడి ఉన్నాం. యలమంచిలి బస్సు ఐదూ నలభైకి, అక్కణ్ణుంచి వైజాగ్‌కి రైలు. గిటారు నాకంటే కొంచెమే పొట్టి. దుప్పటి జారకుండా అత్త తన పాత చీరతో మూడు చోట్ల కట్లు కట్టింది. చూసినవాళ్ళు దెబ్బ తగిలిన మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం అనుకోవాలి, అలా ఉంది. నాకు మాత్రం రాత్రి సరిగా నిద్రే పట్టలేదు, అంత హుషారు. రెండువేల మూడు నవంబరు, నాకు ఇరవై మూడేళ్ళు, అప్పటిదాకా పని మీద వైజాగ్ వెళ్ళిందే లేదు.

పనేమిటో చెప్తాను. ఆ గిటారు మా చర్చిది. మూతపడిన ఆర్కెస్ట్రా పార్టీ ఒకటి అమ్మేస్తుంటే మా సంఘం కొన్నది. ఆరు తీగల గిటారుకి కుర్రాళ్ళు కొట్టుకున్నారు గానీ, నాలుగే తీగలున్న దీన్ని ఎవరూ ముట్టుకోలేదు. కాన్వెంటులో మూడో తరగతికి పాఠాలు చెప్పుకునే నేను వెళ్ళి ఒళ్ళో పెట్టుకున్నాను, అంతే, ఇక దించలేదు. శనివారాలు చుట్టుపక్కల ఊళ్ళలో ఇళ్ళ దగ్గర ప్రార్థన కూటాలుంటాయి. బస్సు దొరికితే బస్సు, లేకపోతే ఎవరిదో ఒకరి సైకిలు వెనక, గిటారు దుప్పటితో సహా నా భుజం మీద.

అక్టోబరులో మాకవరపాలెం నుంచి వస్తుంటే కుండపోత వాన. గిటారు తడిసి మూడు రోజులు పలకలేదు. ఆ ఆదివారమే మా సంఘ పెద్ద ప్రకాశరావు గారు తేల్చేశారు. "గట్టి పెట్టె కొనండి, తాళం ఉండాలి. తాళంచెవి నా దగ్గరుంటుంది. ఆదివారం తీస్తాం, ఆదివారం పెట్టేస్తాం." మాలో ఒకసారి ప్రార్థన చేసి మందిరానికి అప్పగించిన వస్తువు చెంబైనా చాపైనా పెద్ద మాటే మాట. అంటే శనివారాలు పోయినట్టే, ఇంట్లో సాధన కూడా పోయినట్టే. వారానికొక గంట చేతిలో పట్టుకుంటే ఏం వస్తుందండీ?

ఒక్కటే ఆశ. కొనేది స్త్రీల సమాజం, దాని ప్రెసిడెంటు మా కరుణమ్మత్త. గిటారుకి వీపున తగిలించుకునే మెత్తటి సంచులు కూడా ఉంటాయని, గిగ్ బ్యాగ్ అంటారని నేను వారం రోజులుగా ఆవిడ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాను. "సంచేటే, సంతకెల్లినట్టు. పెట్టంటే పెట్టే," అంటుంది. అత్త మా నాన్నకి అక్క. ప్రభుత్వ నర్సుగా పల్లెలన్నీ తిరిగి రిటైరైన మనిషి. ఆవిడ ఒకసారి అన్నాక నాన్న కూడా మాట్లాడడు. సాయంత్రంలోగా ఆవిడ మనసు మారితే గిటారు నాది, లేకపోతే పెట్టెది.

బస్సులో ముందు సీటు దొరికింది. గిటారు మా ఇద్దరి ఒళ్ళోనూ అడ్డంగా పడుకుంది. పక్కన వంకాయల బుట్టతో ఉన్న ఆవిడ కాసేపు చూసి చూసి, "ఏటమ్మా అది, ఈణా?" అంది.

"గిటారు," అంది అత్త.

"మా ఊరి గిటారు ఇంత లేదే?"

"ఇది దానికి పెద్దక్క."

కండక్టరు లగేజీ టికెట్ అన్నాడు. "ఒళ్ళో పెట్టుకున్నదానికి టికెట్టేటి బాబూ, పిల్లలకి కొడతారేటి?" అంది అత్త. ఆయన దుప్పటి కొస నుంచి కొస దాకా చూసి, "ఈ పిల్లకి ఐదేళ్ళు దాటాయండి, హాఫ్ టికెట్ పడుద్ది," అన్నాడు నవ్వకుండా. బస్సు ముందు భాగమంతా నవ్వింది. అత్త కూడా నవ్వి హాఫ్ టికెట్ తీసుకుంది. ఆ టికెట్ ఇప్పటికీ నా బైబిల్లో ఉంది.

ఏడుంపావుకి యలమంచిలి. స్టేషను బయట బండి మీద ఇడ్లీ తిన్నాం. ఈ దారిన వెళ్ళేవాళ్ళకి ఒక మాట: పల్లీ చట్నీ అడిగి మరీ వేయించుకోండి, తనంతట తాను వెయ్యడు. పాసింజరు ఎనిమిదికి రావాలి, ఎనిమిదీ పావుకి వచ్చింది. టికెట్ మనిషికి పదకొండు రూపాయలు. ఈసారి గిటారుకి ఎవరూ అడగలేదు.

రైల్లో ఎదురుగా నక్కపల్లి వైపు రైతు ఒకాయన, కళ్ళు చూపించుకోడానికి వెళ్తున్నాడు. "వాయించు పాపా, ఇందాం," అన్నాడు. స్పీకరున్న కరెంటు పెట్టె లేకుండా బేస్ గిటారు పెద్దగా వినబడదని చెప్పాను. ఆయన వినలేదు. కట్లు విప్పి, చెక్కకి చెవి ఆనించమన్నాను. లావు తీగ మీటాను. ఆయన కళ్ళు మూసుకుని, "పై గదిలో ఎవులో నడుత్తున్నట్టుంది," అన్నాడు. తర్వాత ఆ బోగీలో ఉన్నవాళ్ళంతా వరసగా వచ్చి చెవి పెట్టారు. అనకాపల్లిలో ఎక్కినవాళ్ళు కూడా, ఎందుకో తెలియకుండానే వరసలో నిలబడ్డారు. అత్త కిటికీలోంచి చూస్తున్నట్టే ఉంది గానీ అన్నీ చూస్తోంది.

పదింబావుకి విశాఖ. సిటీ బస్సులో జగదాంబ దగ్గర దిగి, సందులో వాయిద్యాల షాపు కనుక్కునేసరికి పదకొండు. షాపాయన అప్పుడే షట్టర్ ఎత్తి సాంబ్రాణి వెలిగిస్తున్నాడు. సంగతి చెప్తే ముందు హార్డ్ కేస్ దించాడు. నల్లటి పెట్టె, ఐదు క్లిప్పులు, తాళం, లోపల ఎర్ర మఖమల్. మా గిటారుని పడుకోబెడితే అందులోనే పుట్టినట్టుంది. నాకు భయం వేసింది, అంత అందంగా ఉంది.

"మనిషి నిలబడినా చెక్కు చెదరదమ్మా," అన్నాడాయన.

ఇలాంటి మాట మా అత్తతో అనకూడదు. ఆవిడ పెట్టె మూయించి, చెప్పులు విప్పి, షాపాయన భుజం పట్టుకుని ఎక్కి నిలబడింది. మా అత్త సన్నటి మనిషి కాదు. పెట్టె కిర్రుమనలేదు. దిగి, "బాగుంది," అంది.

తర్వాత సంచి. దళసరి నల్లగుడ్డ, లోపల స్పాంజి, రెండు భుజాలకీ పట్టీలు, ముందొక జేబు. జిప్పుకి రెండు లాగుడు బిళ్ళలు, ఒక్కోదానికి ఒక చిల్లు. అత్త స్టీలు బిందె కొన్నట్టు కొట్టి చూసింది, వాసన చూసింది, కుట్లు లాగింది. "తడవదా?"

"తడవదమ్మా. వాటర్‌ప్రూఫ్."

చెప్పానుగా, అత్తతో అలా అనకూడదని. చేతిలో ఉన్న బాటిల్ మూత తీసి సగం నీళ్ళు సంచి మీద పోసేసింది. షాపాయన చెయ్యెత్తేసరికే అయిపోయింది. లోపల చెయ్యి పెట్టి తడిమి, "జిప్పు కాడ రెండు సుక్కలు కారాయి," అంది.

"మీరు పోసింది జోరువాన అండీ," అన్నాడాయన, నేల తుడుచుకుంటూ.

"మా మాకవరపాలెంలో దీనికి నాలుగింతలు పడుద్ది."

ఇక అయిపోయిందనుకున్నాను. అప్పుడు అత్త కూర్చుని, "బిందె కొన్నా సంకనెట్టుకుని నాలుగడుగులు నడిసి సూస్తాం. గిటారెట్టుకుని ఈధి సివరిదాకా నడిసి రా. ముందు పెట్టెతో, తర్వాత సంచితో. నానిక్కడే ఉంటాను, బాబు కంగారు పడక్కర్లేదు," అంది.

పెట్టెతో బయల్దేరాను. మొదటి అడుగుకే మోకాలికి కొట్టింది. ఎడం చేతికి మారిస్తే ఎడం మోకాలికి కొట్టింది. కొబ్బరిబొండాలాయన "అటు తిప్పమ్మా, అటు," అంటే అటు తిప్పాను, అటువైపు స్కూటరు ఆగింది. నెత్తి మీద పెట్టుకుంటే చెట్టుకొమ్మ తగిలింది. వీధి చివర ముట్టుకుని తిరిగొచ్చేసరికి అరచేయి ఎర్రగా కందిపోయింది. అత్త నా అరచెయ్యి తిప్పి చూసింది.

తర్వాత సంచి. పట్టీలు బిగించి గుమ్మం దిగాను. రెండు చేతులూ ఖాళీ. ఆ సంగతి నాకు నాలుగడుగులు వేశాక గానీ తెలియలేదు. చేతులు ఊపుకుంటూ నడిచాను. కొబ్బరిబొండాలాయన, "ఇప్పుడు బాగుంది," అన్నాడు. వీధి చివరికి వచ్చాను, వెనక్కి తిరగాలి. తిరగలేదు. రోడ్డు పల్లంలోకి దిగుతోంది, కాళ్ళు వాటంతటవే దిగాయి. ఒక మలుపు, ఇంకో మలుపు, ఎదురుగా సముద్రం. నవ్వు ఆగలేదు. అక్కడ నిలబడి ఒక్కదాన్నే పిచ్చిదానిలా నవ్వుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, వీపున చర్చి గిటారు, డబ్బు కట్టని సంచి, షాపులో అత్త. ఎదురెక్కుడు, అయినా పరుగెత్తాను. ఇంకో చిత్రం, పరుగెత్తితే కూడా గిటారు కదల్లేదు.

షాపుకి చేరేసరికి ముప్పావుగంట. షాపాయన మెట్ల మీద నిలబడి వీధి రెండు వైపులా చూస్తున్నాడు. అత్త పెట్టె మీద కూర్చుని ఉంది.

"ఎంతవరకెల్లావు?"

"సముద్రం దాకా."

తిట్లకి సిద్ధమయ్యాను. అత్త లేచి పెట్టె మీద దుమ్ము తన కొంగుతో తుడిచింది. "సంచి ఇయ్యండి బాబూ," అంది. పెట్టె ధరలో నాలుగో వంతే. నీళ్ళు పోసినందుకేమో, బేరం మాత్రం ఆడలేదు.

మెస్సులో భోజనానికి కూర్చున్నాం. పప్పూ, గుమ్మడికాయ పులుసూ, వంజరం వేపుడు. ఎందుకు మారావని అడిగాను. అత్త ముళ్ళు తీస్తూ చెప్పింది. "నాకు ఉద్యోగంలో రెండిచ్చారు. మందులకి ఇనప్పెట్టొకటి, సంచొకటి. పెట్టె ఆఫీసులోనే తుప్పట్టింది. సంచి ఏసుకుని నాను ముప్పై ఏళ్ళు ఊళ్ళు తిరిగాను. పెట్టె ఒక్కటే ఇచ్చుంటే నానూ ఆఫీసులోనే ఉండిపోదును." ఇంకో ముద్ద తిని, "ఆ రైలాయన సెవి పెట్టినప్పుడే అనుకున్నాను. అయినా సూడాలి కదా," అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పులుసు కారం అని చెప్పాను.

"మరి ప్రకాశరావు గారు?"

"ఆయన తాళం అడిగారు. తాళం పట్టికెల్దాం." దారిలో బండి మీద బుల్లి ఇత్తడి తాళం కొని, జిప్పు బిళ్ళల రెండు చిల్లుల్లోంచీ దూర్చి వేసింది. సరిగ్గా పట్టింది. జిప్పు మీదికి పాత గొడుగు గుడ్డ కుడితే చుక్క కూడా కారదంది.

మూడున్నర రైలు. సంచి వీపునుండగా నిలబడే చోటు కూడా దొరకలేదు, ముందుకి తిప్పుకుని చంటిపిల్లలా పట్టుకున్నాను. యలమంచిలిలో ఐదూ ముప్పావు బస్సు, అదే కండక్టరు. మమ్మల్ని చూడగానే, "పిల్లకి కొత్త బట్టలు కొన్నారాండీ?" అన్నాడు. ఈసారి టికెట్ కొట్టలేదు.

మాకవరపాలెం దాటాక గేదెలు అడ్డొచ్చి డ్రైవరు సడెన్‌గా బ్రేకు కొట్టాడు. అత్త చెయ్యి చటుక్కున అడ్డం వచ్చింది, గిటారుకి. నా నుదురు ముందు కడ్డీకి తగిలింది. "గిటారుకేటయినా అయిందా?" అని అడిగింది ముందు. ఏం కాలేదంటే, అప్పుడు నా నుదురు చూసింది. ఇద్దరం ఊరొచ్చేదాకా నవ్వాం.

ఆ రోజు నాకేం అర్థమైందంటే, వైజాగ్ పెద్ద దూరమేం కాదు, చేతులు ఖాళీగా ఉంటే. దీపాలు కనిపిస్తుండగా అత్త తన మెడలోని గొలుసుకున్న పిన్నీసు విప్పింది. దానికి రెండు బుల్లి తాళంచెవులు. ఒకటి తీసి పర్సులో వేసుకుంది. రెండోది పిన్నీసుతో సహా నా చున్నీ అంచుకి గుచ్చింది.

"తాళం కొంటే రెండిస్తారు. ఆయన ఒకటడిగారు, ఒకటిస్తాను. రెండోది నీకాడుందని ఆదివారం ఆరాధనయ్యాక అందరి ముందూ నానే సెప్తాను. దొంగతనమేటి ఇందులో?"

చున్నీ అంచు గట్టిగా పట్టుకున్నాను.

"ఈ శనివారం ఏ ఊరు?" అంది.

"మాకవరపాలెం."

"బేగి దిగు, కాంప్లెక్స్ వచ్చీసింది. రేపు ఆ గొడుగు గుడ్డ కుట్టీయాలి."