గోడవారన అంజూరలు

2018 జూన్‌లో నన్ను రెంటచింతలకు ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా వేశారు. రైతుల చేత కొత్త పండ్ల మొక్కలు వేయించి చూసే చిన్న సంస్థ మాది. నా పైన ప్రాజెక్ట్ ఆఫీసరు, నా కింద ఎవరూ లేరు. నా చదువు ఇంటర్‌తో ఆగింది. మొక్కల సంగతులు, కొలతలు సొంతంగా నేర్చుకున్నవే.

ఆ ఏడాది అంజూర వేయటానికి ఒప్పుకున్నది మరియమ్మ ఒక్కతే. పొలం ఆమెకూ మరిది జోజప్పకూ ఉమ్మడి. వచ్చే వేసవి దాటి మొక్కలు నిలిస్తే ఆ అరెకరం ఆమె ఇష్టమనీ, లేకుంటే మిరపకు దున్నేస్తాననీ జోజప్ప షరతు పెట్టాడు.

అంజూర మీద నా దగ్గరున్నది ఒకటే పుస్తకం, చలిదేశంలో అచ్చయింది. ఎండకు కాగే గోడవారన నాటమనీ, చలికాలం మొక్కకు గోతాలు చుట్టమనీ అందులో ఉంది. గోతాల మాట మనకు అక్కర్లేదని కొట్టేశాను. గోడ మాట మాత్రం అలాగే ఉంచాను. పొలానికి తూర్పు హద్దున నాపరాతి గోడ ఉంది. సాయంత్రపు ఎండంతా దాని మీదే పడుతుంది. ఆ గోడకు అడుగున్నర దూరంలో, ఎనిమిది అడుగులకొకటి చొప్పున, పద్దెనిమిది మొక్కలు దగ్గరుండి నాటించాను.

ఏప్రిల్‌లో ఆకుల అంచులు మాడాయి. మే మొదటి వారానికి నాలుగు మొక్కలు పోయాయి.

జోజప్ప గట్టు మీద నిలబడి, "ఏంది వదినా, అంజూర పండు ఎండబెడతారని విన్నాగానీ, చెట్టును ఎండబెట్టటం ఇదే చూడటం" అన్నాడు.

"నీ మిరపకాయలు నువ్వు ఎండబెట్టుకో ఫో" అంది మరియమ్మ.

ఆ వారమే ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. ఒక తోటను మధ్యలో ఆపాలంటే మా ఫారంలో 'కారణం' అనే గడి నింపి సంతకం చెయ్యాలి. ఆ తర్వాత డ్రిప్ పైపులు వెనక్కి తెచ్చేస్తాం. వాతావరణం అనుకూలించలేదని ఒక్క ముక్క రాస్తే ఎవరి మీదికీ రాదని ఆయన సలహా ఇచ్చాడు. రాయనన్నాను. ఇరవై రోజులు గడువిస్తే కొలిచి రాస్తానన్నాను.

"రెంటచింతల ఎండ రోజూ పేపర్లో వేస్తూనే ఉన్నారుగా, నువ్వు కొలిచేదేంది?" అన్నాడాయన.

వాళ్ళు వేసేది ఊరి ఎండ, నేను కొలిచేది గోడ ఎండ అని చెప్పాను.

గోడకు అడుగున్నరలో ఒక థర్మామీటరు, పన్నెండు అడుగుల్లో ఇంకోటి, ఒకే ఎత్తున, ఎండ నేరుగా తగలకుండా కట్టాను. రోజూ సాయంత్రం ఆరింటికి రెండూ చూసి రాశాను. మొదటి రోజే తేడా అయిదు డిగ్రీలు. పొద్దు వాలుతున్నా ఆ రాయి చల్లారటం లేదు.

"ఇరవై రోజులు నువ్వు రాసుకుంటా కూచుంటే నా చెట్లు ఆగుతాయా సారూ?" అని మరియమ్మ ఇంట్లో ఉన్న గోతాలన్నీ తెచ్చి గోడకు వేలాడదీసి తడిపింది. అవి మిరపకాయల గోతాలు. మొదటి రోజంతా ఇద్దరం తుమ్ముతూనే ఉన్నాం. మొక్కల మొదళ్ళకు నేను సున్నం పూశాను. ఆపైన మూడు మొక్కలే పోయాయి. థర్మామీటరు ఎదురుగా ఉన్న గోడకు మాత్రం గోతాం వెయ్యనివ్వలేదు. అక్కడ ఇరవై రోజుల సగటు కూడా అయిదు డిగ్రీలే.

ఫారంలో ఇలా రాశాను: 'తప్పు వాతావరణానిది కాదు, నాటిన చోటుది. ఆ చోటు చూపింది నేను. తోట కొనసాగించాలి.' వారంలో నాకు మెమో వచ్చింది. పైపులు మాత్రం తియ్యలేదు.

వానలు పడ్డాక జోజప్ప మొక్కలు లెక్కపెట్టి, పద్దెనిమిదికి పదకొండు నిలిస్తే నిలిచినట్టు కాదన్నాడు.

"నిలిస్తే అన్నావు. అన్నీ నిలిస్తే అనలా" అంది మరియమ్మ. జోజప్ప మళ్ళీ ఆ అరెకరంలోకి నాగలి దించలేదు.

డిసెంబరులో ఆకు రాలినప్పుడు కొమ్మలు కత్తిరించి, ఆ పదకొండింటినీ వేళ్ళ మట్టితో సహా పన్నెండు అడుగులు ఇవతలికి మార్చాం. కత్తిరించిన కొమ్మలు నాటి ఆ కొత్త వరసలో మిగతా ఏడు గుంతలూ నింపాం. మూడో ఏడు కాపు పట్టింది.

మోకాళ్ళ నొప్పులతో యాభై మూడో ఏట ఉద్యోగం వదిలాను. ఒక పద్ధతి రాసినవాడి చోట ఎండెంతో, మన చోట ఎంతో చూడకుండా దాన్ని రైతుకు చెప్పకూడదు. చెప్పి చెడగొట్టాక వాతావరణం మీదికి నెట్టకూడదు. మెమోకు సంజాయిషీగా థర్మామీటరు లెక్కల కాగితం ఒక్కటే జతచేశాను. ఇప్పుడడిగినా అదే ఇస్తాను.